రాని లెక్క

ఆ బడిలో లెక్కల టీచరుకు పిల్లలు పెట్టుకున్న పేరు ఇరవై టీచరు. రోజుకు ఇరవై లెక్కలు ఇంటిపని ఇచ్చేది. వాన పడినా ఇరవై, మర్నాడు ఆటల పోటీలున్నా ఇరవై. ఆ పేరు ఆవిడ చెవిన పడకపోలేదు. పడినా కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయింది కూడా. మిగతా టీచర్లకు పిల్లలు ముక్కు చూసో, నడక చూసో పేర్లు పెడతారు. తనకు పని చూసి పెట్టారు.

ఆ ఇరవైకి కొన్ని చట్టాలుండేవి. గైడు పుస్తకాలంటే ఆవిడకు పాత పగ. అందుకని పాఠ్యపుస్తకంలోని ప్రతి లెక్కలోనూ ఒక అంకె మార్చి ఇచ్చేది. అప్పుడిక గైడు చూసి ఎత్తిరాసేవాళ్ళ ఆటలు సాగవు. రెండో చట్టం, ఇరవైకి ఇరవై జవాబులూ ఉండి తీరాలి. ఒక్కటి ఖాళీగా వదిలినా ఆ రోజుకు సున్నా. "అందరికీ ఒకటే కొలబద్ద. ఇంతకంటే న్యాయం ఎక్కడుంటుంది?" అనేది.

ఇక దిద్దడం సంగతి. క్లాసులో నలభై ఒక్క మంది. తలా ఇరవై చొప్పున ఎనిమిది వందల ఇరవై లెక్కలు. రోజూ అన్నీ మొదటి నుంచి చివరిదాకా చదవడం బ్రహ్మతరం కూడా కాదు. ఆవిడ ముందే ఒక జవాబుల కాగితం రాసి పెట్టుకుని, ప్రతి లెక్కలోనూ చివరి వరస చూసి టిక్కు పెట్టేది. గంట కొట్టేలోపు పుస్తకాల దొంతర ఇటునుంచి అటు మారిపోయేది. హెడ్మిస్ట్రెస్ అది చూసి ముచ్చటపడి, ఇంటిపని ఎలా ఇవ్వాలో శుక్రవారం మిగతా టీచర్లందరికీ చెప్పమంది.

ఆ వారంలోనే, బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ, సి సెక్షన్ లెక్కల మాస్టారు టీచర్ల గదిలో ఆవిడ బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఈయన రోజుకు మూడే లెక్కలిస్తాడు. ఆ మూడింటి మీదే మర్నాడు గంటంతా గడుపుతాడు. ఆయన్ని ఆటపట్టించకపోతే ఆవిడకు ముద్ద దిగేది కాదు.

"మేడమ్, చిన్న సాయం కావాలండి. మీరిచ్చిన లెక్క ఒకటి నాకు రావట్లేదు" అన్నాడాయన.

"అదేంటి మాస్టారూ, మూడింటికే అలిసిపోయారా?" అంది ఆవిడ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వి చిన్న చీటీ ఇచ్చాడు. ఒక త్రిభుజం భుజాలు 5, 6, 13 సెంటీమీటర్లు. వైశాల్యం ఎంత?

ఆవిడ చెయ్యి తుడుచుకుని, గోడకున్న బోర్డు దగ్గరికి వెళ్ళింది. "ఇందులో ఏముందండీ. మూడూ కూడితే ఇరవై నాలుగు. అందులో సగం పన్నెండు. పన్నెండులోంచి ఐదు పోతే ఏడు. ఆరు పోతే ఆరు. పదమూడు పోతే..."

చాక్‌పీసు ఆగింది. పన్నెండులోంచి పదమూడు పోతే మైనస్ ఒకటి. అన్నీ గుణిస్తే వర్గమూలం గుర్తు కింద మైనస్ ఐదు వందల నాలుగు. దానికి వర్గమూలం తీసి ఇదీ వైశాల్యం అని చెప్పడం ఆవిడ తరమే కాదు, ఎవరి తరమూ కాదు.

"బండి ఆగిందేం మేడమ్?" అంది సైన్సు టీచరు, గిన్నె మూత పెడుతూ.

ఆవిడ మొత్తం చెరిపి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. మాస్టారు జేబులోంచి మూడు గుడ్డపట్టీలు తీసి బల్ల మీద పరిచాడు. పొడుగుది కింద పెట్టి, దాని రెండు కొసల నుంచీ చిన్నవి రెండూ పైకి లేపాడు. వాటి కొసలు కలవలేదు. కిందికి పూర్తిగా వంచి పడుకోబెట్టినా మధ్యలో రెండు వేళ్ళ సందు మిగిలింది.

"ఐదూ ఆరూ కలిపితే పదకొండే కదండీ. పదమూడుకి అందవు. ఇది అసలు త్రిభుజమే కాదు. నాకూ తట్టలేదు, మీ దగ్గర్నుంచి మా క్లాసుకొచ్చిన అమ్మాయి చూపిస్తే అర్థమైంది" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. ఎగతాళి చేసుంటే ఆవిడకు బదులు చెప్పే దారైనా దొరికేది.

పుస్తకంలో ఆ లెక్క 5, 12, 13. గైడును దెబ్బకొట్టడానికి పన్నెండు తీసేసి ఆరు వేసింది తనే.

ఆ అమ్మాయి ఎవరో ఆవిడకు వేరే చెప్పక్కర్లేదు. మూడు వారాల కిందటిదాకా ఎ సెక్షన్‌లో, తన క్లాసులోనే ఉండేది. దర్జీ కొట్టు నడిపే పిన్ని దగ్గర పెరుగుతున్న పిల్ల. ఒకరోజు ఆ పిల్ల పుస్తకంలో పదమూడు లెక్కలు చక్కగా ఉన్నాయి. పద్నాలుగోది ఒకటిన్నర పేజీ నిండా గీతలూ కొట్టివేతలూ. కింద ఒక్క వరస: "ఈ లెక్క రాదు." ఆ తర్వాతి ఆరూ ఖాళీ. ఇరవై టీచరు ఎర్రసిరాతో "రాకపోతే నేర్చుకోవాలి" అని రాసింది. రాసి ఊరుకోలేదు. ఆ వరసను క్లాసులో పైకి చదివి, "ఇంత ధైర్యంగా రాదని సంతకం పెట్టినవాళ్ళని నేనెక్కడా చూడలేదు" అంది. క్లాసంతా పగలబడి నవ్వింది.

ఆ రోజు సున్నాతో పిల్ల మొత్తం మార్కులు హద్దుకు ఒక్కటి తగ్గాయి. హద్దు దాటనివాళ్ళు సి సెక్షన్‌కు పోవాలి. వచ్చే ఏడాది లెక్కలు తీసుకునే వీలు ఎ సెక్షన్ వాళ్ళకే ఉంది.

పిన్ని వచ్చి అడిగింది కూడా. మెడలో కొలత టేపు తీయకుండానే వచ్చింది. "మా పిల్ల రాదని రాసిందంటే, దానికి రాదని కాదండి. లెక్కే రాదని. కొట్లో మేం అంటాం కదా, ఈ ముక్కలో చొక్కా రాదు అని. అదన్నమాట. నేనూ మూడు పట్టీలు కత్తిరించి చూశాను. మూల కలవట్లేదండి" అంది.

"కుట్టుపనికీ లెక్కలకీ ముడిపెట్టకండి. మీ పిల్లకి లెక్కలంటే లెక్కలేదు, అంతే" అంది టీచరు. ఆ మాట తనకే ఎంత నచ్చిందంటే, ఆ సాయంత్రం ఇంట్లో భర్తకు చెప్పి మరీ నవ్వుకుంది.

ఇప్పుడది గుర్తొచ్చింది. అన్నం గిన్నె అలాగే మూసేసి, సొరుగులోంచి ఆనాటి జవాబుల కాగితం వెతికి తీసింది. పద్నాలుగు: 22.45. పైన చిన్న అక్షరాల్లో లెక్క చేసి ఉంది. పన్నెండులోంచి పదమూడు పోతే ఒకటి. ఒకటి ముందు చిన్న అడ్డగీత, దాని మీద రెండు కొట్టివేతలు.

ఆవిడకు బాగా గుర్తుంది. బస్సులో మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసింది. మైనస్ కనబడింది. ఎక్కడో కూడిక తప్పుంటుందిలే, ఇంకా ఆరు చెయ్యాలి, దిగే చోటు వచ్చేస్తోంది అనుకుని కొట్టేసి ముందుకు పోయింది. తెలియక చేసిన తప్పయితే ఆవిడ అంతగా సిగ్గుపడేది కాదు. చూసి కూడా వదిలేసింది. చూసి వదలని పిల్లకు సున్నా వేసింది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో అడుక్కి తోసేసింది.

హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళేటప్పుడు నిజమే చెప్పాలనుకుంది. లోపలికి అడుగుపెట్టేసరికి నోట వేరే మాట వచ్చింది. "ఒకమ్మాయి మార్కుల కూడికలో చిన్న పొరపాటు జరిగిందండి. మళ్ళీ ఎ సెక్షన్‌లోకి తీసుకోవాలి."

"మీ దగ్గర పొరపాటా?" అని ఆశ్చర్యపోయింది హెడ్మిస్ట్రెస్. "సరే, రేపు పదకొండింటికి పేర్ల జాబితా పైకి పంపేస్తాను. ఈలోపల పిల్లని తెచ్చి మీ క్లాసులో కూర్చోబెట్టుకోండి. తర్వాత నా చేతుల్లో ఉండదు. ఇంతకీ శుక్రవారం మాట మర్చిపోకండి."

బడి వదిలాక టీచరు దర్జీ కొట్టుకు నడిచింది. ఇరుకు కొట్టు. రెండు మిషన్లు, గోడ పొడుగునా కత్తిరింపుల బల్ల, కింద దారం పోగులు. బల్ల చివర ఆ పిల్ల కూర్చుని పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. టీచర్ని చూసి చటుక్కున లేచి నిలబడింది. ఆ లేవడం చూస్తే టీచరుకు ప్రాణం చివుక్కుమంది.

"రేపటినుంచి మన క్లాసుకి వచ్చేయమ్మా. మార్కుల కూడికలో..."

"కూడికలోనా అండీ?" అంది పిన్ని, మిషన్ ఆపకుండానే.

ఒక చొక్కా చెయ్యి కుట్టడం పూర్తయింది. దారం తెగింది.

"కాదండి" అంది టీచరు. "లెక్కే తప్పు. అంకె మార్చడంలో నేనే తప్పు చేశాను. మీరొచ్చి చెప్పినా వినలేదు. ఎగతాళి చేసి పంపించాను."

పిన్ని అప్పుడు తలెత్తింది. "ఎక్కడ తప్పు కుట్టామో అక్కడే విప్పాలండి. పదిమందిలో అన్నారు. పదిమందిలోనే చెప్పండి. అలాగైతేనే పంపిస్తాను."

టీచరు తలూపింది. పిల్ల ఇంకా నిలబడే ఉంది. ఏదో అడగాలా వద్దా అన్నట్టు పిన్ని వైపు చూసి, చివరికి అడిగేసింది.

"మరి మిగతావాళ్ళందరికీ జవాబు ఎలా వచ్చింది టీచర్?"

"ఎవరో ఒకళ్ళు తప్పు చేసుంటారు. మిగతావాళ్ళు చూసి రాసుంటారు."

"నా పక్కన కూర్చునే అమ్మాయి చూసి రాయదు టీచర్. దానికన్నీ వచ్చు. దానికి వచ్చింది నాకెందుకు రాలేదా అనే నేను రెండు గంటలు కూర్చున్నాను. అందుకే మిగతావి చెయ్యలేకపోయాను."

రేపు పొద్దున్నే రమ్మని చెప్పి టీచరు బయటపడింది. దారి పొడుగునా ఆ రెండు గంటలే బుర్రలో తిరిగాయి. తను ఆ లెక్క మీద పెట్టింది అర నిమిషం.

మర్నాడు మొదటి పీరియడ్‌కు ఆ పిల్ల వచ్చి తన పాత చోటులో, ఆ పక్కనమ్మాయి పక్కనే కూర్చుంది. ఇద్దరూ భుజాలు రాసుకుని గుసగుసలాడుకున్నారు. మూడు వారాల తర్వాత ఆ మొహంలో నవ్వు చూసి టీచరుకు కాస్త ఊపిరాడింది. పద్నాలుగో లెక్క బోర్డు మీద రాసింది. బోర్డు వైపు తిరిగి మాట్లాడటం తేలికే గాని, ఇటు తిరిగింది.

"ఈ లెక్కకి జవాబు లేదు. ఇచ్చింది నేనే, తప్పు నాదే. ఆ రోజు ఈ అమ్మాయి రాదని రాసింది. అది సరైన జవాబు. అంత సరైన జవాబుకి సున్నా వేసి, మీ అందరి ముందూ నవ్వులపాలు చేశాను. అది ఇంకా పెద్ద తప్పు."

క్లాసు బిగుసుకుపోయింది. టీచర్లు తప్పు ఒప్పుకుంటే ఏం చెయ్యాలో ఆ పిల్లలకు ఎవరూ నేర్పలేదు. అక్కడితో ఆపినా సరిపోయేదే. కానీ నిన్న ఆ పిల్ల అడిగిన ప్రశ్న ఆవిడను వదల్లేదు.

"చేసేటప్పుడు ఇక్కడ మైనస్ వస్తుంది. మీలో ఎవరికైనా అది కనబడిందా? నిజం చెప్పండి. ఎవర్నీ ఏమీ అనను."

ముందు బెంచీలో ఒక చెయ్యి సగం లేచింది. కిటికీ పక్కన ఇంకొకటి. తర్వాత ఒక్కొక్కటిగా, అటు చూసి ఇటు చూసి, వరసలు వరసలుగా లేచాయి. అందరికంటే చివరగా ఆ పక్కనమ్మాయి చెయ్యి కూడా లేచింది. నలభై.

"నాదే తప్పనుకున్నాను టీచర్" అంది ముందు బెంచీ అమ్మాయి. "ఖాళీ వదిలితే సున్నా కదా. అందుకని మైనస్ చెరిపేశాను."

ఆ పిల్ల తన పక్కకు తిరిగింది. "నీకూ కనబడిందా?"

పక్కనమ్మాయి తలూపింది.

"మరి ఆ రోజు నవ్వావేం?"

పిల్ల పెన్ను సంచిలో వేసుకుంది. పుస్తకం కూడా వేసుకుంది. లేచి నిలబడింది.

"నేను ఆ సెక్షన్‌లోనే ఉంటాను టీచర్."

"జాబితా ఇవాళే పంపేస్తారమ్మా. తర్వాత లెక్కలు తీసుకోవడానికి వీలుండదు."

"తెలుసు టీచర్. నాకు లెక్కలిష్టమే. ఇక్కడ కూర్చుని చెయ్యబుద్ధి కావట్లేదు." అని, వెళ్ళొస్తానన్నట్టు తల వంచి, బెంచీల మధ్య నుంచి నడిచి తలుపు మెల్లిగా చేరవేసి వెళ్ళిపోయింది.

వెనకాలే వెళ్ళి ఉండమని అడగాలి. అడగాలంటే మిగిలిన ముక్క కూడా చెప్పాలి. ఆ మైనస్ తనకూ కనబడిందని, తనూ కొట్టేసిందని, ఆ కాగితం పర్సులో ఉందని. నలభై చేతులు ఇంకా పైనే ఉన్నాయి. నలభై ఒకటోది తనది. అది మాత్రం చాక్‌పీసు పట్టుకుని పక్కనే వేలాడుతోంది. పిల్లలు ఆవిడ మొహంలోకే చూస్తున్నారు.

"దించండి" అంది టీచరు.

చేతులన్నీ ఒక్కసారే దిగాయి.