మంచం కింద డబ్బాలు

తుపాను గువామ్ దీవి మీద విరుచుకుపడే దాకా జోలీన్‌కు ఆ డబ్బాల సంగతే గుర్తులేదు. కిటికీ తలుపులు గాలికి దడదడలాడుతున్నాయి. నిన్నటి నుంచి కరెంటు లేక ఫ్రిజ్‌లో మాంసం వాసన పట్టింది. పిల్లలు ఆకలని ఒకటే నస.

"మంచం కింద నా స్పామ్ డబ్బాలున్నాయి, తియ్యవే," అంది అత్తగారు రెమెడియోస్.

అవి అక్కడ లేవని జోలీన్‌కు తెలుసు. బీపీ ఉందన్నా వినకుండా ముసలావిడ పూటపూటా ఆ ఉప్పుటి డబ్బా మాంసమే తింటోందని, కిందటివారం అన్నిటినీ గుట్టుగా సంచికెత్తింది. పక్కవీధిలో చనిపోయినాయన ఇంట్లో తొమ్మిది రోజుల ప్రార్థనలవుతుంటే అత్త పేరు చెప్పి అక్కడి వంటకిచ్చేసింది.

మోకాళ్ల మీద వంగి ఖాళీ నేలనే తడిమింది. బయట ఎవరిదో రేకు ఎగిరొచ్చి గోడకు కొట్టుకుంది.

"దొరకలేదా?"

"చీకటిగా ఉంది అత్తా."

"చీకటిదేం తప్పు లేదులే. ప్రార్థనలో ఆ ఇంటి కోడలు పెద్దలకిచ్చే మర్యాదగా అందరి ముందూ నా చెయ్యి ముక్కుకు ఆనించుకుంది, అన్ని డబ్బాలు పంపానని. నోరు మూసుకుని దీవించొచ్చాను."

జోలీన్ మంచం కింద నుంచి లేచింది.

"ఆ బియ్యం డ్రమ్ములో అడుగుదాకా చెయ్యి పెట్టు."

పెట్టింది. చల్లటి రేకు తగిలింది. ఒకటి కాదు, వరసగా.

"ఆ మర్నాడే మళ్లీ కొన్నాను. రోజూ వాటి మీది బియ్యమే వండుతున్నావు," అంది అత్త. "ముందు పిల్లలకు పెట్టు. తర్వాత నువ్వూ తిను. తింటూ చెప్పు, ఉప్పు గురించి ఏదో అంటావుగా."