మొదటి ముద్ర గురమ్మది

వాసుదేవ్ కంప్యూటర్ ఏదో ఒకనాడు కూలబడుతుందని అందరికంటే ముందు చెప్పినవాణ్ణి నేను. గొప్పకి చెప్పడం లేదు. గొప్పకి చెప్పుకునే రోజులు అయిపోయాయి.

మా ఆట పేరు లెటర్‌బాక్సింగ్. మా ఆవిడ వీరలక్ష్మి దాన్ని డబ్బాలాట అంటుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఒక రబ్బరు ముద్ర, ఒక నోటుబుక్కు పెట్టి రాతి కిందో చెట్టు తొర్రలోనో దాచాలి. ఆచూకీని పొడుపుకథలా రాయాలి. వెతికి పట్టుకున్నవాడు తన ముద్ర డబ్బాలోని పుస్తకంలో వేసి, డబ్బా ముద్ర తన పుస్తకంలో వేసుకుని, ఎక్కడిది అక్కడ పెట్టి వచ్చేయాలి. లాభమేమిటని అడగొద్దు. ముప్పై నాలుగేళ్ళు ఈ దీవుల్లో లెక్కలు చెప్పి గరాచర్మలో ఇల్లు కట్టుకుని కూర్చున్నవాడికి, మోకాళ్ళు ఆడినన్నాళ్ళూ ఏదో ఒక పని ఉండాలి కదా.

మేం పద్నాలుగు మందిమి. మా పొడుపుకథలన్నీ షాదీపూర్‌లో వాసుదేవ్ ఇంట్లోని పాత కంప్యూటర్లో ఉండేవి, అక్కణ్ణించే అందరి ఫోన్లకీ వచ్చేవి. కొత్తది పెడితే అది నెలలో మొదటి ఆదివారం దాకా తెరుచుకోదు. అప్పటిదాకా వాసుదేవ్ కూడా చూడడు. ఉప్పుగాలికి, రోజుకి నాలుగుసార్లు పోయే కరెంటుకి ఆ కంప్యూటర్ అప్పటికే సగం చచ్చింది. దాని ఫ్యాను వింటుంటే ఉబ్బసం మనిషి పక్కన కూర్చున్నట్టుండేది.

"ఇది పోతే మన గతేమిటి?" అని కిందటేడు ఏప్రిల్లో మీటింగులో అడిగాను.

"పోతే మళ్ళీ రాసుకుందాం మాస్టారూ, టెన్షన్ మత్ లో," అన్నాడు పూర్ణచంద్ర. వాడు నా స్టూడెంటే. అప్పుడూ అంతే, పరీక్ష ముందురోజు దాకా పుస్తకం తెరిచేవాడు కాదు.

నేను ఊరుకోలేదు. ఒక లాంగ్ నోటుబుక్కు కొన్నాను. డబ్బా దాచిన ప్రతివాడూ అసలు చోటు ఏదో అందులో తన చేత్తో రాసి, పేజీ మడిచి, స్టేప్లర్ కొట్టాలి. కంప్యూటర్ పోయిన రోజునే విప్పాలి. రాయించడానికి అందరి ప్రాణాలూ తోడాను. చివరగా వచ్చినవాడు చిట్టిబాబు.

జంగ్లీఘాట్‌లో చేపలవాళ్ళ పిల్లాడు, ఇరవై నాలుగేళ్ళు ఉంటాయి. మా గుంపులో వాడంత చక్కగా ముద్ర చెక్కేవాడు లేడు. మాకు ఎరేజర్లు కావాలి, వాడికి తెగిపోయిన హవాయి చెప్పు చాలు. ఆ రోజు మా వరండాలో కూర్చుని, "అమ్మ మొహం చెక్కాను మాస్టారూ. అమ్మకి చెప్పలేదు. మొదటి ముద్ర ఆమె చేతే వేయిస్తాను," అన్నాడు.

"మీ అమ్మకి ముద్రెక్కడిది?"

"వేలిముద్ర ఉంది కదా."

పేజీలో తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో రాస్తున్నాడు. నేను కసిరాను. "తెలుగు లిఖ్‌నా నహీ ఆతా మాస్టారూ, చలేగా?" అని నవ్వాడు. తెలుగు రాయడమే రానివాణ్ణి ఏం చేస్తాను, చలేగా అన్నాను. అని, మొహం తిప్పుకున్నాను. చదవకూడదు కదా, రూలు. ఆ రూలు పెట్టిందీ నేనే. ఆ రోజు ఒక్క క్షణం కక్కుర్తి పడి ఉంటే ఈ కథ లేకపోవును.

పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్నది పెద్ద తగువైంది. ఎవరి దగ్గరున్నా వాళ్ళు చూసేస్తారని మిగతావాళ్ళ అనుమానం. మావాళ్ళకి ఏ వస్తువిచ్చినా వచ్చే బుద్ధి ఒక్కటే, దాచేయడం. పుస్తకాన్ని కూడా దాచేద్దామన్నారు. దాచే పని నాకిచ్చారు. ఆ చోటు ఆచూకీ కంప్యూటర్లో పెట్టమన్నాడు వాసుదేవ్.

"కంప్యూటర్ పోతుందనేరా ఈ పుస్తకం. తాళంచెవి ఇంట్లో పెట్టి బయటినుంచి తాళం వేసుకుంటామా?" అన్నాను.

"మరి మీరు మర్చిపోతే?"

నాకు ఒళ్ళు మండింది. ఎనభై తొమ్మిదో సంవత్సరం పదో తరగతి హాజరుపట్టీ మొదటి నుంచి చివరిదాకా, ఇంటిపేర్లతో సహా, ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. చిట్టిబాబు ఈల కూడా వేశాడు.

మే నెల గాలివానలో చిట్టిబాబు డింగీ పడవ తిరిగొచ్చింది, చిట్టిబాబు రాలేదు. పదిరోజులు వెతికి ఆపేశారు. వాడు పెట్టిన పొడుపుకథ ఇంకా తెరుచుకోలేదు. దాన్ని అలాగే మూసి ఉంచమని వాసుదేవ్‌కి చెప్పి, వాడి తల్లి గురమ్మ దగ్గరికి వెళ్ళాను. నీ కొడుకు నీకోసం ఒకటి దాచాడమ్మా, నీ మొహం చెక్కాడు, వెళ్దాం రమ్మన్నాను.

"ఇప్పుడొద్దు మేస్టారూ. ఆడొచ్చి ఆడే సూపిత్తాడు," అంది. చేపలు ఎండబెడుతున్న మనిషి తల ఎత్తలేదు.

"నీ ఇష్టం. ఎప్పుడడిగినా సరే. కంప్యూటర్ పోయినా నా దగ్గర భద్రంగా ఉంటుంది," అన్నాను. నేనే అన్నాను. ఆమె అడగలేదు.

జూన్‌లో పుస్తకాన్ని రేకు డబ్బాలో పెట్టి, పాలిథిన్ చుట్టి, ఒక్కణ్ణీ వెళ్ళి దాచి వచ్చాను.

ఈ ఏడు జూలైలో కంప్యూటర్ పోయింది. తుపానూ రాలేదు, పిడుగూ పడలేదు. ఒక మామూలు మంగళవారం వాసుదేవ్ భార్య సౌమ్య ఇల్లు ఊడుస్తూ చూస్తే ఆరిపోయి ఉంది. లోపలి డిస్కుని చెన్నై పంపారు. తుప్పు తప్ప ఏమీ లేదని తిరిగొచ్చింది. మావాళ్ళు ఎవరూ బెంగపడలేదు, మాస్టారి పుస్తకం ఉందిగా అన్నారు. రెండు రోజులు నాకు ఫోన్ల మీద ఫోన్లు. పూర్ణచంద్ర అయితే స్వీట్ ప్యాకెట్ పట్టుకొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే తుష్నాబాద్ బస్సెక్కాను. పోకతోట వెనకాల కూలిన పశువుల కొట్టం, మెట్ల కింద మూడో రాయి. రాయి ఎత్తితే కింద మట్టే. ఎవడో ఎత్తుకుపోయాడని బస్సులో పళ్ళు నూరుకుంటూ వచ్చాను. సగం దారిలో గుర్తొచ్చింది, అక్కడ కాదు, కల్వర్టు గూట్లో. దిగి నడిచి వెళ్ళాను. కల్వర్టులో గూడే లేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక మూడోది గుర్తొచ్చింది, పనస చెట్టు మొదట్లో.

బొత్తిగా గుర్తులేకపోతే కొంత నయం. నాకు మూడూ గుర్తున్నాయి. మూడింట్లోనూ వాన పడుతోంది, చేతిలో అదే రేకు డబ్బా. ఒకదాంట్లో గొడుగుంది, ఒకదాంట్లో లేదు. మూడూ నేను నా చేతులతో చేసినట్టే ఉన్నాయి.

"ఆ రోజు చెప్పులకి ఎర్రమట్టితో వచ్చారు," అంది వీరలక్ష్మి. ఈ దీవిలో ఎర్రమట్టి కానిదెక్కడో చూపించమని ఆమె మీద అరిచాను. ఆమె లోపలికి వెళ్ళి నా చొక్కా జేబులోంచి ఒక చీటీ తెచ్చి నా ముందు పెట్టింది. ఇంటి అడ్రసు, ఆమె ఫోన్ నంబరు. ఆమె దస్తూరీ.

"ఎప్పటినుంచి పెడుతున్నావు ఇది?"

"కిందటి దీపావళి నుంచి."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడం ఇష్టం లేక చేతులు కడుక్కోవడానికి లేచాను.

నాలుగు ఆదివారాలు పద్నాలుగు మందిలో మిగిలిన పదముగ్గురం పారలు పట్టుకుని తిరిగాం. తోటవాళ్ళతో తిట్లు తిన్నాం. పుస్తకం దొరకలేదు. మెల్లిగా అందరూ ఎవరి డబ్బా చోటు వాళ్ళు మళ్ళీ రాసుకున్నారు, బతికున్నారు కాబట్టి. ఒక్క డబ్బా మిగిలింది. "మీ తప్పు కాదు మాస్టారూ," అంటున్నారు అందరూ. ఒక్కడైనా తిడితే బాగుండును.

ఆగస్టు చివర్లో గురమ్మ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. వరండాలో కొడుకు కూర్చున్న చోటే కూర్చుని, కొంగు ముడి విప్పి చిన్న ఇంకు ప్యాడ్ తీసింది. కొత్తది.

"ఆడింక రాడు మేస్టారూ," అంది. "ఏడాది సూసినాను. ఇప్పుడు సూపించండి."

చెప్పాను. పుస్తకం దాచానని, ఎక్కడో తెలియడం లేదని, కంప్యూటర్ కూడా పోయిందని. ఇంత చిన్న మాటలు చెప్పడానికి నాకు రెండుసార్లు మంచినీళ్ళు కావలసి వచ్చాయి.

గురమ్మ నవ్వింది. "మావోడు సెప్పేవోడు. రూలున్నాదంట, మేస్టారు సచ్చినా సెప్పరంట. ఎవులికాళ్ళే ఎతుక్కోవాలంట."

"రూలు కాదమ్మా. నిజంగా మర్చిపోయాను."

"మీరు మర్సిపోడమేటి మేస్టారూ. కలాసు పిల్లల పేర్లు మొత్తం గడగడా సదివీసినారని ఇంటికొచ్చి సెప్పినాడు కదా. నవ్వి నవ్వి సచ్చినాడు ఆ రేత్రి."

వీరలక్ష్మి గుమ్మంలోకి వచ్చి, "నిజమే గురమ్మా, ఆయనకి..." అని ఆగిపోయింది. గురమ్మ ఆమెకేసి చూసి మరీ నవ్వింది, మీరు కూడా ఆటలో ఉన్నారా అన్నట్టు.

"సరే, నానే ఎతుక్కుంటాను. ఒక్కటి సెప్పండి చాలు. మావోడి డబ్బా ఎండలో ఉన్నాదా, నీడనున్నాదా?"

పుస్తకం సంగతైనా ఒకప్పుడు నాకు తెలుసు. ఆ డబ్బా ఎక్కడుందో నాకు ఏనాడూ తెలియదు. తెలియదమ్మా అందామనే నోరు తెరిచాను. ఆమె ఇంకు ప్యాడ్ రెండు చేతులతో పట్టుకుని నా నోటికేసి చూస్తోంది.

"నీడ," అన్నాను.

"సాలు," అని లేచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి వీరలక్ష్మి నా కంచం పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. మూడు వారాలు పోయాక గురమ్మ మళ్ళీ వచ్చింది. మోచేతుల దాకా ముళ్ళ గీతలు. ఎండకి మొహం మాడిపోయింది, కానీ ఏడాదిగా చూసిన మొహం కాదది. పొద్దున్న లేస్తే వెళ్ళడానికి ఒక చోటు ఉన్న మొహం.

"నీడలు సేనా సూసినాను మేస్టారూ. ఇంకోటి సెప్పండి. నీల్లకి దూరమా, దగ్గిరా?"

వీరలక్ష్మి వంటింట్లో గిన్నెలు కడగడం ఆపింది. వినపడుతోంది.

చెప్పేయాలి. ఈసారి నమ్మేదాకా చెప్పాలి, కావాలంటే జేబులో చీటీ తీసి చూపించాలి. జేబులో చెయ్యి పెట్టాను కూడా. చీటీ చేతికి తగిలింది. గురమ్మ వేలికి ఇంకు అంటుకుని ఉంది, ముందుగా వేసి చూసుకున్నట్టుంది.

"దగ్గరే," అన్నాను.