చెక్క గుడ్డు

టైలరమ్మ తన కోళ్లకి గూడు కట్టలేదు. కీళ్లు వదులైన పాత చెక్క బీరువాని పెరటి గోడకి ఆనించి, అదే మీ మేడ పొమ్మంది. పై అరలో పడక, కింది అరలో గుడ్లు. కింది అరలో పరుపుగా, కుట్టగా మిగిలిన బట్టముక్కలు. "మా కోళ్లు స్కూలు యూనిఫాం మీద పడుకుంటాయి. అయినా ఒక్కదానికీ చదువు అబ్బలేదు" అని వచ్చినవాళ్లందరితో అనేది.

ఆ బట్టముక్కల మధ్య ఎప్పుడూ ఒక చెక్క గుడ్డు ఉండేది. గుడ్డు కనబడిన చోటే పెట్టడం కోళ్లకి అలవాటు కదా, వాటిని నమ్మించడానికని పక్కింటి వడ్రంగి చెక్కి, నున్నగా తోమి ఇచ్చాడు. కోళ్లు ఇట్టే నమ్మేశాయి.

గుడ్లు తీసే పని ఆరేళ్ల కూతురిది. ఆ పిల్లని అందరూ బుడంకాయ అంటారు. నల్లకోడి మహా కోపిష్టిది, ఎదురుగా మొహం కనబడితే పొడిచేస్తుంది. అందుకని తల్లి మొదటి రోజే గట్టిగా చెప్పింది: "లోపలికి తొంగి చూడకు, కన్ను పోతుంది. మొహం పక్కకి తిప్పుకుని, చేత్తో తడిమి తియ్యి." బుడంకాయ తల్లి మాట జవదాటని పిల్ల. చూడకుండా తియ్యడంలో ఆరితేరిపోయింది.

ఈమధ్య గుడ్లు మాయమవుతున్నాయి. టైలరమ్మ పిల్లిని తిట్టింది, కుక్కని తిట్టింది, ఊళ్లో లేని మొగుణ్ణి కూడా ఓ మాట అంది. ఇవాళ పొద్దున కోళ్లని వదిలి చూస్తే, చెక్క గుడ్డు కూడా లేదు. నవ్వొచ్చింది. బీరువా వెనక అడుగున చెక్క పుచ్చిపోయి సన్నటి సందు కనబడింది. "ఇలాగా నువ్వు వచ్చేది!" అనుకుని ఆ సందులో ఇటుక దిగ్గొట్టింది. ముందు తలుపుకి గొళ్లెం పెట్టింది. దొంగకి దారి మూసేశానని సంబరపడుతూ వచ్చి మిషన్ ముందు కూర్చుంది.

ఒక చొక్కాకి కాలరు వేస్తూ ఉండగా, చెక్క గుడ్డుని ఎత్తుకెళ్లే వెర్రిది ఎవరబ్బా అన్న ఆలోచన వచ్చింది. పిల్లి అయితే వాసన చూసి వదిలేస్తుంది. మనిషయితే ముట్టుకోగానే తెలుస్తుంది. ఇన్నాళ్లలో ఒక్క పెంకు ముక్క కూడా దొరకలేదు. అంటే కొరకడం, నమలడం లేకుండా అమాంతం మింగేసేదే.

పెడల్ మీద కాలు ఆగిపోయింది.

గుడ్డు మింగి ఉబ్బిన కడుపుతో అది ఆ సన్నటి సందులోంచి బయటికి ఎలా పోతుంది? పోలేదు. మామూలు గుడ్డయితే లోపల చితికిపోతుంది, చెక్క చితకదు. అది బీరువాలోనే, ఆ బట్టముక్కల అడుగున ఉంది. తను బయట ఉందనుకున్నదాన్ని లోపల పెట్టి, చేజేతులా గొళ్లెం వేసి వచ్చింది.

"బుడంకాయ్!" అని పిలిచింది. గదిలో లేదు, వంటింట్లో లేదు. పెరట్లో గొళ్లెం తీసిన చప్పుడు వినబడింది. టైలరమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. కత్తెర ఎక్కడ పడిందో చూసుకోకుండా పరిగెత్తింది.

బుడంకాయ బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మొహం పక్కకి తిప్పుకుంది, కళ్లు కూడా మూసుకుంది. చెయ్యి భుజం దాకా లోపలే ఉంది.

"అమ్మా, చెక్క గుడ్డు దొరికింది!" అంది సంతోషంగా. "నీ సిల్కు ముక్క ఏదో చుట్టుకుపోయింది. రావట్లేదు. లాగనా?"

టైలరమ్మ ఆ అరలో సిల్కు ఎప్పుడూ వెయ్యలేదు.

అరవాలనిపించింది. అరిస్తే పిల్ల చెయ్యి విదిలిస్తుంది. దగ్గరికి ఉరకాలనిపించింది. ఆ అదురుకి అది లేస్తుందేమో.

"లాగకు తల్లీ," అంది, అన్నం తినమన్నంత మామూలుగా. "వదిలెయ్. చెయ్యి మెల్లగా తీసెయ్. కోడిపిల్ల నిద్రపోతోంది అనుకో."

"ఎందుకూ? ఇప్పుడే కొంచెం కదిలిందమ్మా."

"బంగారుతల్లివి కదూ. మెల్లగా. ఇంకా మెల్లగా."

భుజం వచ్చింది. మోచెయ్యి వచ్చింది. తర్వాత మణికట్టు. వేళ్ల కొసలు వెలుతుర్లో పడీ పడగానే టైలరమ్మ పిల్లని వెనక్కి లాగి, కాలితో తలుపు తన్ని గొళ్లెం పెట్టింది. చెక్క వెనక నుంచి బుస్సుమంది. మళ్లీ, ఇంకా గట్టిగా.

"మామయ్యా! పాము!" అని గోడ అవతలి వడ్రంగికి కేక పెట్టి, నేలమీద కూలబడింది. బుడంకాయ చెయ్యి ఒళ్లో పెట్టుకుని వేలు వేలూ విడదీసి చూసింది. గోళ్ల సందులు చూసింది. చీర కొంగుతో తుడిచి మళ్లీ చూసింది. ఎక్కడా గాటు లేదు. అయినా నమ్మకం కుదరక మొదటి వేలి నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

బుడంకాయకి తల్లి ఏడుపు చూసి తనేదో తప్పు చేశానని భయం వేసింది.

"నేను తొంగి చూడలేదమ్మా," అంది. "నువ్వు చెప్పినట్టే తీశాను."