దర్జీగారి మొండితనం

తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించమని రోజూ పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. ఏళ్ళ తరబడి నాకొక సందేహం. చేసిన తప్పు నాకూ తెలియక, నష్టపోయిన మనిషికీ తెలియకపోతే, క్షమించాల్సింది ఎవరు? ఒకసారి మా ఆవిడను అడిగాను.

"ముందు తెలిసి చేసినవి చూసుకోండి. స్టోర్‌రూమ్‌లో బల్బు మార్చమని చెప్పి నెలయింది" అంది.

నేను ఆసుపత్రిలో కోడర్ని. రోగి ఇంటికి వెళ్ళాక అతని కేసు షీటు కింది అంతస్తులో ఉన్న మా గదికి వస్తుంది. డాక్టరు రాసిన ప్రతి జబ్బుకూ సరైన కోడ్ వెతికి కంప్యూటర్లో ఎక్కిస్తాం. రాయనిది ఊహించకూడదు. పద్దెనిమిదేళ్ళలో నేను చదివిన రోగులు వేలమంది, చూసినవాళ్ళు పదిమంది ఉండరు. అయినా ఈ పని నాకిష్టం. గది చల్లగా ఉంటుంది, మనసు నిలుస్తుంది.

ఆ బుధవారం ఒక దర్జీ షీటు వచ్చింది. డెబ్భై ఏళ్ళవాడు. షుగర్ పెరిగి నాలుగు రోజులు ఉండి వెళ్ళాడు. "మందులు వాడటం లేదు" అని డాక్టరు ఒక్క ముక్క రాశాడు. కంప్యూటర్లో పాత కోడ్ సిద్ధంగా ఉంది: మందులు కావాలనే మానేసిన రోగి. ఇంటికి నర్సును పంపమని దర్జీ పెట్టుకున్న దరఖాస్తును ఆ కోడ్ చూసే తిప్పి పంపారు. "రోగి సహకరించడు" అని కారణం. నర్సు రాకపోతే మళ్ళీ ఇదే మంచం మీదికి రావడం ఖాయం.

షీటు వెనక వార్డు నర్సు రాసింది చదివాను. "రెండు మాత్రల అట్టలూ ఒకేలా ఉన్నాయంటాడు. పొద్దుటి మాత్రే రెండుపూటలా వేసుకుంటున్నాడు."

కావాలని మానేయడానికి ఒక కోడ్, చేతకాక తప్పిపోవడానికి వేరే కోడ్. మొదటిది ఎవరు పెట్టారా అని వెనక్కి వెళ్ళాను. పదకొండేళ్ళ కిందట. పక్కన ఉన్న పేరు పొడి అక్షరాలు నావే! అప్పటి షీటు తీయించాను. చూపు ఆనడం లేదంటాడని అప్పటి నర్సు కూడా వెనక పేజీలోనే రాసింది. నేను తిప్పి చూడలేదు. తర్వాత వచ్చినవాళ్ళంతా నన్ను నమ్మి అదే దింపుకుంటూ పోయారు.

మా పెద్ద మేడమ్‌ను అందరూ భూతద్దం అంటారు. ఆవిడ ముందు పెట్టాను.

"ఏమయ్యా, కాగితానికి రెండు వైపులుంటాయని అప్పట్లో నీకు తెలియదా?"

"తప్పయింది మేడమ్. ఇప్పుడు మార్చేయనా?"

"నర్సు మాట మీద మార్చకూడదు. డాక్టరు రాయాలి. ప్రశ్న పంపు."

'కళ్ళు కనబడక మందులు తప్పాయా?' అని రాశాను. ఆవిడ అడ్డంగా కొట్టేసింది. "జవాబు కూడా నువ్వే చెబితే ఇంక డాక్టరెందుకు? మందులు ఎందుకు తప్పాయో రాయమని అడుగు, చాలు."

రెండు రోజులైనా జవాబు లేదు. శుక్రవారం దర్జీ మళ్ళీ చూపించుకోవడానికి వచ్చాడని తెలిసి, కాగితం పట్టుకుని పైకి వెళ్ళాను.

"మీ గదివాళ్ళకు కాళ్ళుంటాయని ఇవాళే తెలిసింది" అన్నాడు డాక్టరు. "కారణమేముంది? మొండితనం."

"ఒక్కసారి ఆయన్నే అడగండి సార్. నేను చెప్పకూడదు."

డాక్టరు విసుక్కుంటూనే దర్జీ చేతిలో రెండు అట్టలు పెట్టాడు. "రాత్రి వేసుకునేది ఏది, పెద్దాయనా?"

దర్జీ రెండూ వేళ్ళతో తడిమాడు. ఒకటి ఎత్తాడు. దించాడు. రెండోది ఎత్తాడు. పక్కనున్న భార్య నవ్వబోయి ఆగిపోయింది.

"కళ్ళు ఆనడం లేదా?" గొంతు తగ్గించి అడిగాడు డాక్టరు.

"పన్నెండేళ్ళయింది బాబూ. చూపు లేదని దర్జీ తనే చెప్పుకుంటే గుడ్డ ఎవరిస్తారు? ఆ నర్సమ్మలకే చెప్పా. మొండోడన్నా పడ్డా."

డాక్టరు కాగితం లాక్కున్నాడు. కారణం రాశాడు, మొదటి నుంచీ ఇదేనని కూడా రాశాడు. కళ్ళ డాక్టరుకు చీటీ ఇచ్చాడు. నేను కిందికి వెళ్ళి ఇప్పటి కోడ్, మేడమ్ సంతకంతో పాత కోడ్, రెండూ దిద్దాను. దరఖాస్తుల గుమస్తా తెరమీద చూసి, సోమవారం నుంచి నర్సు వస్తుందన్నాడు. రోగికి చెప్పొచ్చా అని మేడమ్‌ను అడిగాను. "చెప్పకపోతే నువ్వు నిద్రపోతావా?" అంది.

దర్జీ, భార్య ఇంకా డాక్టరు గది బయట బల్ల మీదే ఉన్నారు. నర్సు సంగతి చెప్పాను. దర్జీ రెండు చేతులూ ఎత్తాడు. పట్టుకుని ఆపాను.

"దండం వద్దు పెద్దాయనా. మీరు మొండివారని మొట్టమొదట ఎక్కించింది నేనే. సరిగ్గా చదవలేదు. ఇవాళ దిద్దాను. నన్ను క్షమించండి."

ఆయన కాసేపు నా చెయ్యి వదల్లేదు. "నాదేముంది బాబూ, ఆ మాటేదో మా ఆవిడకు చెప్పు. ఇక్కడ మొండోడన్నారని పదకొండేళ్ళుగా రోజూ అదే అంటోంది."

ఆమె వైపు తిరిగాను. "ఆయన మొండివారు కాదమ్మా. తప్పు నాది."

ఆమె భర్త వేళ్ళకేసి చూసింది.

"సూదిలో దారం ఎక్కించమంటే బద్ధకమనుకున్నానయ్యా" అంది.