నాణేల మీది చిలుము

మా ప్రణవి మార్చి నెలలో బడికి వెళ్ళడం మానేసింది. పదహారేళ్ళ పిల్ల. పరీక్ష తప్పింది లేదు, ఎవరూ ఏమీ అనలేదు, నాకు తెలిసినంతలో. ఒకరోజు పొద్దున్న యూనిఫాం వేసుకుని, ఒక కాలికి సాక్సు తొడుక్కుని, మంచం మీద కూర్చుంది. ఇంక లేవలేదు. ఆ రోజు నుంచి గది తలుపు మూసే ఉండేది.

ఈ పరాయి దేశంలో, వుడ్‌ల్యాండ్స్ అనే పేటలో మాది పదకొండో అంతస్తు. కిటికీ ఊచలకి తాళం వేసి, తాళంచెవి మెడలో సూత్రాల పక్కన పిన్నీసుతో తగిలించుకున్నాను. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగితే చాలు, పొయ్యి మీద కూర మాడుతున్నా వదిలేసి తలుపు దగ్గరికి పరిగెత్తేదాన్ని. మా ఆయన నూకరాజు ఓడలు బాగుచేసే యార్డులో సూపర్‌వైజరు. "చెడ్డది రాకముందే దానికి పీట వేసి కూర్చోబెడతావే నువ్వు" అని విసుక్కునేవారు. ఆయన కూడా రాత్రిళ్ళు లేచి దాని గది ముందు నిలబడి చెవి పెట్టడం నేను చూశాను. చూసినట్టు చెప్పలేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజు హాజరా ఆంటీ కలిశారు. పెద్దావిడ, హైదరాబాదు మనిషి, ఈ ఊరొచ్చి నలభై ఏళ్ళు. పక్క కుర్చీలో కూర్చుని తెలుగు విని పలకరించారు. నేను ఎవరు అడిగినా ఏడ్చేసే రోజులవి. అంతా చెప్పేశాను. ప్రణవి మా ఇద్దరికీ వీపు తిప్పి ఫోను చూస్తోంది.

"మా ఇంట్ల గూడ ఒకాయన ఉన్నడు బేటా" అన్నారావిడ. "మనుషులతోని మాట్లాడడు, పైసలతోని మాట్లాడతడు. అవి గూడ పనికొచ్చే పైసలు కావు."

ఆ ఒకాయన ఆవిడ భర్త, ఖైసర్ అంకుల్. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మాకు రైల్లో అరగంట దూరం, టోవా పాయోలో ఉంటారు. మరుసటి వారం ఆయన ఒక బిస్కెట్ల డబ్బా పంపించారు. నిండా నాణేలు, ఏ దేశానివో ఏమో. దేశాలవారీగా వేరు చెయ్యమని చీటీ. నేను దాన్ని గది తలుపు ముందు పెట్టి వచ్చాను, పిల్లికి పాలు పెట్టినట్టు. నాలుగో రోజు డబ్బా బయట ఉంది. లోపల చిన్న చిన్న కాగితం పొట్లాలు, ఒక్కోదాని మీద దేశం పేరు. అన్నిటికీ పైన ఒక బిళ్ళ విడిగా. 'ఇది నాణెం కాదు, ఆటల మిషన్‌లో వేసే టోకెన్. నన్ను టెస్ట్ చేశారా?' అని రాసింది.

డబ్బా తిరిగి పంపాక అంకుల్ ఫోన్ చేసి నవ్విన నవ్వు నాకిప్పటికీ చెవిలో ఉంది. "ముప్పై ఏళ్ళల్ల పన్నెండు మందికి ఇచ్చిన ఆ డబ్బా. ఒక్కరు పట్టలే. ఆ పిల్లను శనివారం తీస్కరా."

అలా మొదలైంది. మొదటి మూడు శనివారాలు నేనూ వెళ్ళి హాజరా ఆంటీ వంటింట్లో కూర్చున్నాను. ముసలాయన ఇంటికి ఆడపిల్లని పంపుతున్నాను కదా, నా భయం నాది. నాలుగో వారం "నువ్వు రాకమ్మా, ఐ కెన్ గో లా" అంది, ఈ ఊరి పిల్లల్లా చివర 'లా' తగిలించి. రైలు తలుపులు మూసుకునేదాకా చూసి ఇంటికొచ్చి, అది మెసేజ్ పెట్టేదాకా మంచినీళ్ళు తాగలేదు.

ఈ నాణేల వాళ్ళ పద్ధతులు వింత. బిళ్ళని అంచు పట్టుకునే ఎత్తాలి, ముఖం మీద వేలు పడకూడదు. దాని మీద వంగి మాట్లాడకూడదు, తుంపరలు పడతాయట. దీపం పక్కనుంచి రావాలి, పైనుంచి కాదు. మా పిల్ల హాకర్ సెంటర్లో, తిండి కొట్ల దగ్గర చిల్లర తీసుకుంటే వెనక జనం ఆగిపోయేవాళ్ళు, ప్రతి నాణెం మీదా సంవత్సరం చూస్తే గానీ కదిలేది కాదు. వాళ్ళ నాన్నచేత ఓడల్లో వచ్చే బర్మా వాళ్ళ, గ్రీసు వాళ్ళ జేబులు తడిమించింది. నలుచదరంగా ఉండే పాత సెంటు నాణెం ఒకటి దొరికిన రోజు, నా పక్కన సోఫాలో కూర్చుని అరగంట దాని కథ చెప్పింది. నేను కథ వినలేదు. దాని నోరు కదలడం చూస్తూ కూర్చున్నాను.

సెప్టెంబరులో వాళ్ళ నాణేల సంఘం కమ్యూనిటీ హాల్లో ఒక ఆదివారం ప్రదర్శన పెట్టింది. ఖైసర్ అంకుల్ తన రాగి నాణేలు ఇరవై నాలుగు గడుల పళ్ళెంలో పెట్టి ప్రణవి చేతికిచ్చారు. ఒక అద్దాల పెట్టె దానిదే. సర్దడం, చీటీలు రాయడం, వచ్చినవాళ్ళకి చెప్పడం అంతా అదే చెయ్యాలి. "వేలిముద్ర కూడా పడనివ్వను అని అంకుల్‌కి చెప్పాను. సో నువ్వు ముట్టుకోకు మా, ఓకే?" అంది. సరే అన్నాను. వాటిలో నిజాము కాలంనాటివి, కుంపిణీ కాలంనాటివి ఉన్నాయి. ఒకదాని మీద తెలుగు అక్షరాలు. రెండువందల ఏళ్ళ కిందటివట, బాగా అరిగిపోయాయి. అయినా గుంటల్లో పేరుకున్న నలుపు వల్ల అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేది. దాన్ని మాత్రం నాకు రెండుసార్లు చూపించింది. "మన భాష, మా. చూడు" అని.

నాకు కనిపించింది పచ్చటి చిలుము.

నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. చిలుము విషమని ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేదు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో రాత్రంతా ఉన్న పులుసు తిని మా పెద్దమ్మ కొడుకు తెల్లారేసరికి ఎలా అయిపోయాడో ఆరేళ్ళప్పుడు కళ్ళారా చూశాను. ఈ పిల్ల ఆ నాణేలు ముట్టుకుని, ఆ వేళ్ళతోనే చిప్స్ తింటుంది. పైగా అంతమంది వచ్చే చోట, ఇంత మురికి బిళ్ళలు అద్దాల పెట్టెలో పెడితే పిల్లని ఏమనుకుంటారు? ఎవరైనా ఒక్క మాట అంటే మళ్ళీ ఆ గదిలోకి పోతే?

శుక్రవారం మధ్యాహ్నం చీటీల అట్టలు కొనుక్కొస్తానని ప్రణవి తనంతట తానే కిందికి వెళ్ళింది. ఆరునెలల్లో, శనివారాలు కాకుండా, ఒంటరిగా బయటికి వెళ్ళడం అదే మొదలు. ఆ సంతోషంలోనే లేచాను. చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి, దేవుడి దీపాలు తోమినట్టే ఒక్కో నాణెం తోమాను. నలుపు కరిగి గిన్నెలో నీళ్ళు చిక్కబడ్డాయి. లోపలినుంచి ఎర్రటి రాగి బయటపడుతుంటే పండగ ముందురోజులా అనిపించింది. తుడిచి, ఆరబెట్టి, ఏది ఏ గడిలో ఉందో ఆ గడిలోనే పెట్టాను. ఆ జాగ్రత్త కూడా పడ్డాను.

అది వచ్చి పళ్ళెం చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"దేంతో?" అంది.

"చింతపండు, ఉప్పు. సబ్బు కూడా వెయ్యలేదమ్మా."

తెలుగు అక్షరాల నాణెం అంచు పట్టుకుని దీపం దగ్గరికి తీసుకెళ్ళింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. గుంటల్లో నలుపు లేదు కాబట్టి అక్షరాలూ లేవు. కొత్త గుండీలా మెరుస్తోంది. దాన్ని మళ్ళీ గడిలో పెట్టి, గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. కొన్న అట్టలు సోఫా మీదే ఉండిపోయాయి.

రాత్రి తినలేదు. శనివారం పొద్దున్న తినలేదు. నేను గడప దగ్గర నేల మీద కూర్చుని తలుపు సందులోంచి పిలిచాను.

"నేనే చేశానని అంకుల్‌కి చెబుతానమ్మా. నువ్వు బయటికి రా."

లోపలినుంచి మాట వచ్చింది. "ఆయన నిన్ను నమ్మలేదు మా. నన్ను నమ్మారు."

మా ఆయన్ని గది ముందు కాపలా పెట్టి, పళ్ళెం తువ్వాలులో చుట్టుకుని టోవా పాయోకి రైలెక్కాను. ఒళ్ళో బరువు పెద్దగా లేదు. ప్రతి స్టేషను దగ్గరా దిగిపోయి ఇంటికి పరిగెత్తాలనిపించింది. ఈలోపు అక్కడ ఏమవుతోందో అని.

ఖైసర్ అంకుల్ తువ్వాలు విప్పారు. భూతద్దం తెచ్చుకుని కుర్చీలో కూర్చున్నారు. ఒక్కోటి తీసి చూడటం, పెట్టడం. ఇరవై నాలుగూ చూశారు. హాజరా ఆంటీ టీ తెచ్చి, ఆయన మొహం చూసి, కప్పులు మళ్ళీ లోపలికి పట్టుకుపోయారు.

"చింతపండా?"

"అవునండి. చిలుము విషం కదా, పిల్ల నోట్లో చెయ్యి పెట్టుకుంటుందని..."

"విషమే. నేను అరవై ఏళ్ళ నుంచి పట్టుకుంటున్న. సచ్చిన్నా?" గొంతు పెంచలేదు. తెలుగు నాణెం పైకెత్తారు. "ఇది మా దాదా, అంటే మా తాత, పెట్టెలది. ఇంక దీన్ని చదవస్తది అనుకోకు."

"మళ్ళీ నల్లబడదా అండీ?"

"బడ్తది. వంద ఏండ్లు పడ్తది. నాకు డెబ్బైనాలుగు."

నేను కాళ్ళు పట్టుకోబోయాను. కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. "నన్ను ఎన్ని మాటలైనా అనండి. పిల్లని మాత్రం రమ్మనండి. ఈ శనివారాలు పోతే నాకు పిల్ల దక్కదు" అన్నాను. ఆ మాట అప్పటిదాకా పైకి ఎప్పుడూ అనలేదు.

ఆయన నావైపు చూడలేదు. "నీ మీద నాకు కోపం ఉన్నది. అది ఉంటది, పోదు. ఆమె మీద లేదు. ఫోన్ కలుపు."

మా ఆయన ఫోన్ తలుపు దగ్గర పెట్టారట. స్పీకర్‌లో ఇటువైపు నిశ్శబ్దమే వినిపించింది. అంకుల్ దానితోనే మాట్లాడారు. "ప్రణవీ, రేపు తొమ్మిదిన్నరకు హాలు తెరుస్తరు. పెట్టె నీది. ఉన్నది ఉన్నట్టు పెట్టాలె. ఏమైందో అది చీటీ మీద రాయాలె. ఖరాబైన పైసను దాచిపెట్టేటోడు దొంగ, ఖరాబైందని రాసేటోడు మనోడు. నేను నిల్చోలేను, మోకాళ్ళు. నువ్వే నిల్చోవాలె."

ఫోన్ పెట్టేసి, పళ్ళెం నా చేతికి తిరిగి ఇచ్చారు.

ఆదివారం ఎనిమిదింటికి గది తలుపు తెరుచుకుంది. జుట్టు దువ్వుకుంది. నాతో మాట్లాడకుండా రెండు ఇడ్లీలు తిని, సోఫా మీది అట్టలూ నాణేల పళ్ళెమూ తీసుకుంది. నేను వెనకాలే వెళ్ళాను, అయిదడుగుల దూరంలో.

హాల్లో అన్ని పెట్టెల్లోనూ నల్లటివి, గోధుమరంగువి. మా పెట్టె ఒక్కటే దూరానికి మెరిసింది. జనం ముందు అక్కడికే వచ్చేవాళ్ళు, వచ్చి వంగి చూసి మొహం చిట్లించేవాళ్ళు. ఒక ముసలి చైనా ఆయన అద్దాలు సవరించుకుని, నాలుక చప్పరించి, తల అడ్డంగా ఊపాడు. చింతపండుతో కడిగినవి అని రాసిన చీటీ మీద నా పేరు లేదు. కానీ అడిగిన ప్రతివాళ్ళకీ అది నోటితో చెప్పాల్సి వచ్చింది.

"మై మదర్ వాష్డ్ దెమ్. విత్ టామరిండ్."

మొదటిసారి పెట్టె మీంచి చూపు తియ్యకుండా చెప్పింది. పదోసారికి అడిగినవాళ్ళ మొహం చూసి చెప్పింది. చింతపండు పులుపు రాగి పైపొరని ఎలా తినేస్తుందో, నలుపు పోతే అక్షరాలు ఎందుకు పోతాయో చెప్పింది. పక్కన అంతకుముందు తీసిన ఫోటో పెట్టింది. కొందరు నవ్వారు. ఒకావిడ తన పిల్లలకి చూపించి, ఇలా ఎప్పుడూ చెయ్యకూడదు అని చెప్పింది. గోడవార ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేను సాయంత్రం అయిదింటిదాకా విన్నాను. నలభై యాభై మంది తెలియని మనుషులతో నా కూతురు మాట్లాడింది. మాట్లాడిందంతా నా గురించే.

ఇంటికి వచ్చేటప్పుడు రైల్లో పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, నా ఎదురుగా కడ్డీ పట్టుకుని నిలబడింది.

"శనివారాలు వెళ్తాను" అంది. "స్కూల్ గురించి అడగకు, ఇంకా తెలీదు."

"అడగనమ్మా."

"నా కాయిన్స్ కూడా అంకుల్ ఇంట్లోనే పెడతాను. నాట్ యాంగ్రీ లా. జస్ట్... ఇంటికి తేను."

తల ఊపాను. వెళుతుంది, తిరిగి వస్తుంది. నేను మొక్కుకున్నది అదే కదా.

అప్పటినుంచి ఎనిమిది శనివారాలయ్యాయి. పొద్దున్న పదింటికి వెళ్ళి సాయంత్రం వస్తుంది. దాని నాణేల పొట్లాలన్నీ తీసుకెళ్ళిపోయింది, ఆ నలుచదరపు సెంటుతో సహా. మొన్న వచ్చి అన్నం దగ్గర కూర్చుంది. ముఖం కాస్త వెలుగ్గా ఉంది. ఏదో మంచిది చూసి ఉంటుంది అనుకున్నాను. పప్పు వడ్డిస్తూ ఉండబట్టలేక అడిగాను.

"ఈరోజు ఏ నాణెం చూశావమ్మా?"

చెప్పబోయింది, నోరు తెరవడం చూశాను. మళ్ళీ మూసుకుంది.

"ఏదో ఒకటిలే మా" అని, అన్నం కలుపుకుంది.