మూడో పాటలో ముల్లు ఆగే చోటు

నేను ఒక గ్రామఫోన్ రికార్డును. నల్లగా, గుండ్రంగా, అట్లపెనమంత ఉంటాను. ఈ ఉదయం విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఒక తల్లీ కొడుకూ నా మూలంగా మాటలు మానేశారు. నిజానికి గొడవ నా గురించి కాదు, నన్ను దాచే అట్ట గురించి. కిరీటి పేపరు చదువుతూ కాఫీ గ్లాసు దాని మీద పెట్టాడు. తీసేసరికి అట్ట మీది బొమ్మలో, డ్రమ్ములు వాయించే అతని మొహం చుట్టూ గోధుమరంగు చక్రం పడి ఉంది.

“ఇంత బల్ల ఉండగా నీకు అదే దొరికిందా?” అంది వైదేహి.

“చూసుకోలేదమ్మా. తుడిస్తే పోతుందిలే.”

“అట్టని తుడిస్తే మరక పోతుందా, అట్టే పోతుందా?”

“ఎప్పటి అట్టమ్మా అది! ఇన్ని బూజు మరకలున్నాయి, వాటి పక్కన ఇదొకటి.”

“బూజు దానంతటది వచ్చింది. ఇది నువ్వు తెచ్చావు.”

కోడలు హిమజ తొంగిచూసి, “పోనీలెండత్తయ్యా, దేవుడి పటంలో తల వెనకాల వెలుగులా బాగానే ఉంది” అంది. తల్లీ కొడుకూ ఒకేసారి ఆమె వైపు తిరిగారు. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వైదేహి గొంతు పెంచడం ఆ ఇంట్లో అరుదు. ఆషాఢంలో భర్త ముకుందరావు పోయినప్పుడు కూడా ఆమె గట్టిగా ఏడవలేదు. అలాంటి మనిషి కాఫీ మరకకు ఇంత నొచ్చుకుంటే కొడుక్కి కాస్త భయం వేసింది. ఎందుకంటే ఈ సాయంత్రం నన్ను తీసుకువెళ్ళడానికి మనిషి వస్తాడు. కిరీటి స్నేహితుడొకడు సముద్రం ఒడ్డున హోటలు తెరుస్తున్నాడు. గోడల నిండా పాత రికార్డులు బిగిస్తాడట. నా కింద ఇత్తడి రేకు మీద ముకుందరావు పేరు చెక్కిస్తాడట. నాన్న పేరు నలుగురూ చదువుతారు, అమ్మ కళ్ళముందు నుంచి ఈ దిగులూ తొలగుతుంది అని కిరీటి ఆలోచన. ప్రేమతో చేసిన ఆలోచనే. తల్లిని అడిగితే “నీ ఇష్టం” అంది. మగపిల్లలు ఆ మాటను ఒప్పుకోలు అనుకుంటారు.

గోడకెక్కిన రికార్డు ఏమవుతుందో నాకు తెలుసు. మేకు కొడతారు. ఇక ఆ మీదట పాట ఉండదు.

నేను పుట్టింది కలకత్తా దగ్గర. వేడికి మెత్తబడ్డ నల్లటి ముద్దను రెండు లోహపు అచ్చుల మధ్య పెట్టి నొక్కారు. అట్టు కాలినంతసేపు కూడా పట్టలేదు. ఆ అచ్చుల్లో లండన్‌కు చెందిన నలుగురు కుర్రాళ్ళ పాటలు వెంట్రుకంత సన్నని గీతలుగా ఉన్నాయి. వాళ్ళ బృందం పేరు టిన్ లాంటర్న్స్. భుజాల దాకా జుట్టు, నిద్ర చాలని కళ్ళు, తడిసిన వీధిలో నిలబడి ఎవరి మీదో అలిగినట్టున్న మొహాలు. అట్ట మీద ఇప్పటికీ అలాగే నిలబడి ఉన్నారు.

వాల్తేరులో రైలు గార్డుగా పనిచేసే ఆంగ్లో ఇండియన్ మెల్విన్ నన్ను కొని, గార్డు పెట్టెలో పచ్చజెండాకూ ఎర్రజెండాకూ మధ్య పెట్టి జ్ఞానాపురం తెచ్చాడు. ఆ ఇంట్లో వాళ్ళకు ఇంగ్లీషు పాటలు కొత్త కాదు. క్రిస్మస్‌కు నన్ను పెట్టుకుని నృత్యాలు చేసేవారు. కొత్తదనమంతా కిటికీ బయట జరిగింది. సాయంకాలం పోర్టు ఆఫీసు నుంచి వచ్చే గుమాస్తా ఒకడు సైకిలు ఆపి ఆ కిటికీ కింద నిలబడేవాడు. షిప్‌యార్డులో వెల్డింగు చేసే ఇంకొకడు మరికాస్త దూరంలో, చైను ఊడినట్టు నటిస్తూ కూర్చునేవాడు. ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు కాదు. చివరికి మెల్విన్ కొడుకు డెన్జిల్ తలుపు తీసి, “ఆ చైను రోజూ మా ఇంటి దగ్గరే ఊడుతుందేంటి మ్యాన్? లోపలికి రండి” అన్నాడు. గుమాస్తా ముకుందరావు. వెల్డరు సింహాచలం.

ముకుందరావు డిక్షనరీ పక్కన పెట్టుకుని పాటల అర్థం తెలుసుకునేవాడు. సింహాచలానికి ఇంగ్లీషు రాదు, కావాలని కూడా అనిపించలేదు. డ్రమ్ములతను అచ్చం తన తమ్ముడు దాలినాయుడిలా ఉన్నాడని మురిసిపోయి, అతనికి ఆ పేరే పెట్టాడు. “ఇప్పుడు సూడండి, దాలినాయుడు ఇరగదీస్తాడు” అంటూ మోకాళ్ళ మీద తాళం వేసేవాడు. లండన్‌లో ఆ నలుగురూ తగువులాడుకుని విడిపోయారని డెన్జిల్ రేడియోలో విని చెప్పిన రోజు అతను డ్యూటీకి వెళ్ళలేదు. ఇంట్లో ఏమయిందని అడిగితే, “మావోళ్ళు యేరుపడిపోనారు” అన్నాడట. ఆస్తుల గొడవ అనుకుని అతని భార్య బెంగపెట్టుకుంది.

మనుషుల విశ్వాసం చిత్రమైనది. తామున్నట్టు కూడా తెలియని వాళ్ళ కోసం ఇంత దుఃఖపడగలరు. పక్కన కూర్చున్న స్నేహితుడికి మాత్రం ఒక్క కష్టం చెప్పుకోవాలంటే నోరు రాదు.

ముకుందరావు తొలిసారి నన్ను తాకిన రోజే నాకు గీత పడింది. మరీ అంత భయభక్తులతో పట్టుకుంటే చెయ్యి వణకదా? ముల్లు జారి, రెండోవైపు మూడో పాట మీద అడ్డంగా గీసుకుపోయింది. అతని మొహం పాలిపోయింది. డెన్జిల్ నన్ను వెలుతురులోకి ఎత్తి చూశాడు.

“పోన్లే మ్యాన్, పాట చావలేదు. కొంచెం నత్తి వచ్చింది, అంతే.”

ఆ చోటికి వచ్చేసరికి పాట ముందుకు కదలదు. సగం మాట, మూడు డ్రమ్ము దెబ్బలు. మళ్ళీ అదే సగం మాట, అవే మూడు దెబ్బలు. ఎవరో ఒకరు లేచి వచ్చి ముల్లును వేలితో కాస్త నెడితే తప్ప దాటదు. ఒకసారి డెన్జిల్ అలా లేచి వచ్చినవాడు వెంటనే నెట్టలేదు. నేను తిరుగుతూనే ఉన్నాను. చాలాసేపటికి ముల్లును నెట్టి, వాళ్ళకు వీపు చూపిస్తూనే అన్నాడు: “డాడీ, అక్కలు ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నారు. మమ్మీ రానంటోంది. నేను కూడా ఇక్కడే.”

ఎదురుగా చూస్తూ అయితే ఆ మాట అనగలిగేవాడు కాదు. వీపు వెనక ఉన్న ఇద్దరికీ అది అర్థమయింది. అప్పటి నుంచి అది వాళ్ళలో వాళ్ళకు నియమమైపోయింది, ఎవరూ పెట్టని నియమం. ముగ్గురూ నెలకోసారి కలిసి నన్ను వినేవారు. ఆ నెలలో ఎవరి దగ్గర కబురుంటే వాళ్ళు లేవాలి. ఎంతసేపు తిరగనిస్తారో వాళ్ళ ఇష్టం. ముల్లు నెట్టి, వీపు తిప్పకుండా చెప్పాలి. కబురు లేని నెల డెన్జిల్ లేచి ఊరికే నెట్టేవాడు.

జ్ఞానాపురం ఇంట్లో సామానంతా అమ్మేసినప్పుడు నేను ముకుందరావు ఇంటికి చేరాను. ప్రతి నెలా రెండో ఆదివారం అక్కయ్యపాలెంలో చాప పరిచేవారు. లండన్‌లో ఆ నలుగురూ నాలుగు దారులయ్యారు, ఇక్కడ ముగ్గురూ ఒక్క చాప వదల్లేదు. కిరీటి పుట్టిన నెల ముకుందరావు ఒక్క చుట్టు కూడా పూర్తి కానివ్వలేదు, ముల్లు ఎగిరి నాలుగో పాట మీద పడింది. డెన్జిల్ తల్లి పోయిన నెల మాత్రం ఆ సగం మాట అరిగిపోతుందేమో అనుకున్నాను. మొన్నామధ్య ఆ నలుగురూ ముసలితనంలో మళ్ళీ కలిసి పాడారని ఫోనులో చూశారు. ఒక్కడికీ జుట్టు లేదు. డెన్జిల్ తృప్తిగా తన బట్టతల నిమురుకున్నాడు.

ఇన్నేళ్ళలోనూ వైదేహి ఆ చాప మీద కూర్చోలేదు. బి.ఏ. చదివిన మనిషి, ఆ పాటల అర్థం డిక్షనరీ లేకుండానే తెలిసేది. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. ఆమె వంటింట్లో అరటికాయ బజ్జీలు వేసేది. కానీ నేను వింటూనే ఉన్నాను. పాట ఆగిపోయినప్పుడల్లా అక్కడ గరిటె చప్పుడు ఆగేది. ఆ తిరుగుడును బట్టే కబురు మంచిదో చెడ్డదో ఆమె అంచనా కట్టేది. తొందరగా నెడితే మంచిది. మంచి కబురు పట్టుకున్నవాడు ఆగలేడు.

పోయిన మాఘంలో ఒక రెండో ఆదివారం ముకుందరావు లేచాడు. అంతకు రెండు రోజుల ముందు అతను ఒక్కడే ఆస్పత్రికి వెళ్ళివచ్చి, కరెంటు బిల్లు కట్టడానికి వెళ్ళానని ఇంట్లో చెప్పాడు. నా పక్కన నిలబడ్డాడు. సగం మాట, మూడు దెబ్బలు. సగం మాట, మూడు దెబ్బలు. వంటింట్లో గరిటె ఆగింది. అతను నెట్టలేదు. కాసేపటికి స్టవ్వు కట్టేసిన చప్పుడు వినిపించింది. నూనె చిటపటలు కూడా సద్దుమణిగాయి. అప్పటికీ నెట్టలేదు. వైదేహికి భర్త జబ్బు సంగతి తెలిసింది అలాగే, గోడ అవతల నిలబడి, అతను నోరు తెరవకముందే. తర్వాత ఆమె బజ్జీలు తెచ్చి పెట్టింది. లోపల పిండి పచ్చిగా ఉంది. ముగ్గురూ ఒక్కటి కూడా మిగల్చకుండా తినేశారు.

అతను పోయాక చాప పరవలేదు. ప్లేయరు మీద దుప్పటి కప్పారు. ఈ రోజు కిరీటే చాప పరిచి, డెన్జిల్‌నూ సింహాచలాన్నీ భోజనానికి పిలిచాడు, నన్ను పంపేముందు చివరిసారి వినిపించి పంపిద్దామని.

సింహాచలం గుమ్మంలోనే అట్ట మీద మరక చూసి, “దాలినాయుడికేటి, బొట్టెట్టేసినారా?” అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి చాప మీద కూలబడ్డాడు. ప్లేయరు వెంటనే తిరగలేదు. కిరీటి దాన్ని సరిచేసేలోగా హిమజ, “ఫోనులో పెట్టనా బాబాయ్‌గారూ? ఇంకా శుభ్రంగా వస్తుంది” అని ఆ మూడో పాట పెట్టింది. నిజమే, నాకంటే ఎంతో శుభ్రంగా ఉంది. ఆ చోటు దగ్గరకొచ్చేసరికి ఇద్దరు ముసలివాళ్ళూ తలలు వంచి ఎదురుచూశారు. పాట ఆగకుండా వెళ్ళిపోయింది.

“ఇదేటమ్మా, మన టేసను దాటిపోనాది!” అన్నాడు సింహాచలం.

“ఎవరినీ దించలేదు మ్యాన్” అన్నాడు డెన్జిల్ మెల్లగా.

ఫోను కట్టేశారు. నన్ను పెట్టారు. మొదటి పాట, రెండో పాట, మూడోది. ముల్లు ఆగింది. సగం మాట, మూడు దెబ్బలు.

ఎవరూ లేవలేదు. ఆ ఇంట్లో కబురుందని అందరికీ తెలుసు. చెప్పవలసినవాడు లేడు. కిరీటికి ఈ నియమం తెలియదు. ఏదో పాడైపోయిందనుకుని లేవబోతే సింహాచలం అతని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు.

“నీది కాదురా వొంతు.”

వైదేహి చెంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. అందరినీ దాటి నా దగ్గరికొచ్చి, వాళ్ళకు వీపు పెట్టి నిలబడింది. నెట్టలేదు. నేను తిరిగాను. ఆమె కుడి చూపుడువేలు ముల్లుకు దగ్గరగా వచ్చి ఆగింది. దాని చివర శనగపిండి ఎండి ఉంది. నా జన్మలో ఎవరూ నన్ను అక్కడ అంతసేపు తిరగనివ్వలేదు. ఆమె భుజాలు కదలడం నాకొక్కదానికే కాదు, ఆ గదిలో అందరికీ కనిపించింది. ఎవరూ ఓదార్చలేదు. అది కూడా ఆ నియమంలోదే.

చివరికి నెట్టింది. పాట ముందుకు సాగింది. ఇక కబురు చెప్పాలి. ముసలివాళ్ళిద్దరూ తలలెత్తారు.

“కబురు అన్నాల దగ్గర చెబుతాను. పులుసు మరిగిపోతోంది” అంది.

ఇప్పుడు భోంచేస్తున్నారు. నేను బల్ల మీద అట్ట లేకుండా ఉన్నాను. కిరీటి అన్నం కలుపుతున్నాడు గానీ ముద్ద ఎత్తడం లేదు.

“అమ్మా, వద్దంటే చెప్పు. వాడికి ఫోను చేసి చెప్పేస్తాను.”

“ఎందుకూ, రానీ. మాట ఇచ్చావు కదా” అంది వైదేహి, అతనికి మజ్జిగ పోస్తూ. “గోడకి కావలసింది బొమ్మేగా. అట్ట ఇచ్చెయ్యి.”

“పొద్దున్న ఆ అట్ట కోసమే కదమ్మా నన్ను...”

“పొద్దున్న నాకు తెలియలేదురా, దేని కోసం అరుస్తున్నానో. కాఫీ మరకతో సహా ఇచ్చెయ్యి. రేకు మీద మీ నాన్న పేరు చెక్కించుకోమను, బాగుంటుంది. రికార్డు మాత్రం ఇవ్వను. నాన్న పంచె ఒకటి మెత్తగా ఉంది, దాంతో సంచి కుడతాను.”

డెన్జిల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. సింహాచలం వైదేహి వైపు తిరిగాడు.

“అయితే రెండో ఆదివారం ఉన్నట్టేనా సెల్లెమ్మా?”

“ఉంది అన్నయ్యా. ప్రతి నెలా ఉంటుంది.”

“మరి బజ్జీలో?”

“ఎవరి వంతు వాళ్ళు వేసుకోండి. కిరీటికి కూడా నేర్పండి” అంది వైదేహి, తన కంచంలో అన్నం పెట్టుకుంటూ. “నేను చాప మీద కూర్చుంటాను.”