ఒక కంప్యూటర్‌కు ఒక్కరే

కుప్పం గ్రంథాలయానికి రెండు కంప్యూటర్లు వచ్చింది రెండువేల ఐదులో. నెల తిరక్కుండానే లైబ్రేరియన్ హరినాథ్‌కు తలనొప్పి మొదలైంది. కాలేజీ పిల్లలు ఒక్క కుర్చీ చుట్టూ గుంపుగా మూగి కార్ల ఆట ఆడేవాళ్లు. పేపరు చదువుకునే పెద్దలు విసుక్కునేవాళ్లు. దాంతో ఆయన ఒక అట్ట మీద నియమాలు రాసి గోడకు తగిలించాడు. అరగంటకు మించి కూర్చోరాదు. మాట్లాడరాదు. ఒక కంప్యూటర్ ముందు ఒక్కరే ఉండాలి. చివరి దానికింద ఎర్రగీత కూడా కొట్టాడు.

ఒక ఆదివారం కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. అతను నాగేంద్ర, శాంతిపురం దగ్గర గ్రానైట్ పాలిష్ పని. ఆమె సుష్మ. ఇద్దరూ ఒకే కుర్చీలో చెరో అంచున సర్దుకుని కూర్చున్నారు. అతను కాసేపు టైపు చేసి కీబోర్డు ఆమె వైపు జరిపాడు. ఆమె చదివి, నవ్వుకుని, తను ఏదో కొట్టింది.

"అమ్మా, ఒకరే కూర్చోవాల. లెయ్యి," అన్నాడు హరినాథ్ బల్ల దగ్గర్నుంచే.

ఆమె తల తిప్పలేదు. ఆయన లేచి వెళ్లి గట్టిగా అన్నాడు. "నీకే చెప్తాండేది!"

నాగేంద్ర కంగారుగా నిలబడ్డాడు. "ఆమెకు వినపడదు సార్. ఆరో తరగతిలో జొరమొచ్చి చెవులు పోయినాయి. మాట గూడా అప్పుడే మానేసింది."

హరినాథ్ గొంతు తగ్గించాడు. "అట్లయితే చెరొక దాంట్లో కూర్చోండప్పా. రెండో కంప్యూటర్ ఖాళీగానే ఉండాది కదా."

"మేం మాట్లాడుకుంటాండాం సార్. చెరొక దాంట్లో కూర్చుంటే యెట్ల?"

"ఇంట్లో కాయితం మీద రాసుకోవచ్చు గదా?"

నాగేంద్ర తల దించుకున్నాడు. "మా ఇల్లు ఒకే గది సార్. మా యమ్మ, అన్న, వదిన, అందరూ ఆడనే. ఒకసారి ఈమెకు చీటీ రాస్తే మా వదిన చూసి అందరి ముందరా చదివేసింది. నవ్వినారు. అప్పట్నుంచి ఈమె ఇంట్లో పెన్సిల్ పట్టుకోలేదు. ఈడైతే రాసుకుని తుడిచేస్తాము. ఎవురికీ దొరకదు."

హరినాథ్ గోడ మీది అట్ట వైపు చూశాడు. ఇంతలో వెనక నుంచి ఒక కుర్రాడు, "మమ్మల్ని మాత్రం లేపేస్తారు సార్. వీళ్లకైతే రూల్ లేదా?" అన్నాడు. వాడి మాట కూడా నిజమే. వాళ్లను లేపింది నిన్ననే. "రూల్ అందరికీ ఒకటే," అనేసి ఆయన చేత్తో సుష్మకు లెమ్మని సైగ చేశాడు.

సుష్మ లేవలేదు. ఆయన్ని దగ్గరికి రమ్మని పిలిచి, తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో మెల్లగా టైపు చేసింది.

"సార్, మీరు అంతా ఆయన్నే అడిగినారు. నన్ను ఒక్క మాట అడగలేదు."

హరినాథ్ ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, ఒంటి వేలితో వెతుక్కుంటూ కొట్టాడు. "తప్పే అమ్మా. నువ్వు చెప్పు. ఏం చేయాల?"

ఆమె ఆలోచించి రాసింది. "ఆ పిల్లోళ్లు గోల చేస్తారని గదా రూలు. మేం గోల చెయ్యం. అరగంట అయితే లేస్తాం."

ఆయనకు నవ్వొచ్చింది. కుర్రాళ్లను పిలిచి, ఆమెకు వినపడదని చెప్పి, ఆ తెర చూపించాడు. వాళ్లు చదివారు. ఇందాక అడిగినవాడు చెవి గోక్కుంటూ, "మాకు తెలీదు సార్. కూర్చోనీండి," అన్నాడు. పోయి తన కుర్చీ తెచ్చి నాగేంద్రకు వేశాడు.

ఆ సాయంత్రం హరినాథ్ ఎర్రగీత కింద మరో వాక్యం చేర్చాడు. వినపడనివారు, చూపు లేనివారు తోడు మనిషితో కూర్చోవచ్చు.

తర్వాత ప్రతి ఆదివారం వాళ్లు వచ్చారు. వాళ్లేం రాసుకుంటారో ఆయన ఎప్పుడూ చూడలేదు. అటుగా వెళ్లాల్సి వస్తే అల్మారాల వెనక నుంచి చుట్టు తిరిగి వెళ్లేవాడు. ఒక్కోసారి ఆమె కళ్లు తుడుచుకునేది. ఒకనాడు మాత్రం నాగేంద్ర పకపకా నవ్వాడు. పేపర్ల దగ్గరి పెద్దలు తలెత్తి చూశారు. హరినాథ్ తను కూడా పేపరు ఎత్తుకుని నవ్వు దాచుకున్నాడు.

ఎండాకాలం వచ్చేసరికి ఇద్దరూ కనబడటం మానేశారు. ఏమైందోనని ఆయనకు దిగులేసింది. పోయి అడుగుదామంటే ఊరి పేరు తప్ప ఇల్లు తెలీదు.

తొలకరి రోజుల్లో సుష్మ ఒక్కతే వచ్చింది. నేరుగా కంప్యూటర్ దగ్గరికి వెళ్లి ఆయన్ని పిలిచింది.

"కుప్పంలో బాడుగ ఇల్లు తీసుకున్నాం సార్. వంటింటి గోడకు ఆయన పలక తగిలించినాడు. పొద్దస్తమానం రాసుకుంటానే ఉంటాం. మాట్లాడుకోవాలంటే ఈడికి రావాల్సిన పని లేదిప్పుడు."

హరినాథ్ అదే ఒంటి వేలితో కొట్టాడు. "మంచిది తల్లీ. మరి ఇప్పుడు యెందుకు వచ్చినావు?"

సుష్మ నవ్వింది. ఈసారి టైపు చేయలేదు. పత్రికల అల్మారా వైపు చెయ్యి చూపించి, చదువుకోవడానికి అటే నడిచింది.